గోదాము దాకా గాజు తీగ

పటాన్‌చెరు దాటి పాశమైలారం వైపు పోయే దారిలో, నీటి పంపులు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో వీర్రాజు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్. తణుకు దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడిపోయాడు. ఆ షెడ్లలో ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. ఎందుకంటే దాదాపు అన్నీ ఆయన చేతి మీదుగా వేసినవే. అలాంటి మనిషికి 2001 ఎండాకాలంలో ఒక తలవంపు వచ్చిపడింది.

ఫ్యాక్టరీలో కొత్తగా కంప్యూటర్లు పెట్టారు. ఇనుము కరిగించి పోత పోసే షెడ్డులో ఒకటి, పంపుల్ని పరీక్షించే షెడ్డులో ఒకటి, ఆఫీసులో నాలుగు, రోడ్డవతల పొలాల వెనక కట్టిన గోదాములో రెండు. వీటన్నిటినీ కలుపుతూ రాగి కేబుళ్లు లాగారు. ఏ పంపు తయారైంది, ఏది పరీక్ష దాటింది, ఏది లారీ ఎక్కింది అన్నది ఆఫీసులో కూర్చునే తెలుసుకోవచ్చని జనరల్ మేనేజర్ సూర్యప్రకాశరావు ముచ్చటపడ్డాడు. ముచ్చట తీరలేదు. కరెంటు ఫర్నేసు వేసినప్పుడల్లా పోత షెడ్డులో కంప్యూటర్ కొయ్యబారి నిలబడిపోయేది. గోదాము కంప్యూటర్లయితే ఆఫీసుతో మాట్లాడిన రోజులకంటే అలిగి కూర్చున్న రోజులే ఎక్కువ. దానికితోడు ఓ సాయంత్రం గాలివానకు పిడుగు పడి, కేబుల్‌ను కంప్యూటర్లతో కలిపే రెండు చివర్ల పెట్టెలూ మాడిపోయాయి.

"ఎర్తింగ్ ఎక్కడో దెబ్బతిందేమో చూడు వీర్రాజూ," అన్నాడు సూర్యప్రకాశరావు. వీర్రాజు ఎర్తింగ్ అంతా తవ్వి తీసి మళ్లీ కొత్తగా వేశాడు. లాభం లేకపోయింది. మూడోసారి అదే మాట మీటింగులో అందరి ముందూ వచ్చేసరికి ఆయన తల దించుకున్నాడు.

"ఎర్తింగ్ తప్పేం లేదు సార్," అని ఒక గొంతు వినిపించింది. "నేను కొలిచి చూశాను. వీర్రాజు గారు చేసినంత శుభ్రంగా నేనింతవరకూ ఎక్కడా చూడలేదు."

ఆ మాటన్నది హైమావతి. కంప్యూటర్ల పని చూడటానికి అంతకు నెల ముందే చేరిన ఇంజనీరు. రామచంద్రాపురంలో ప్రభుత్వ కర్మాగారం క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రిది కాకినాడ వైపు. పొట్టిగా, గట్టిగా, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తూ ఉంటుంది.

"మరి తప్పెక్కడుందమ్మా?" అన్నాడు మేనేజరు.

"రాగిలో ఉంది సార్. ఫర్నేసు పక్కన రాగి తీగ వేస్తే అది ఫర్నేసు రొదనంతా పట్టుకుంటుంది. గోదామేమో రాగి మోయగలిగే దూరం కాదు. పిడుగుకైతే మనమే దారి వేసి ఇచ్చినట్టయింది. ఈ మూడింటికీ మందు ఒకటే. ఫైబర్ వెయ్యాలి. గాజు దారంలో వెలుగు పోతుంది, కరెంటు పోదు. ఫర్నేసు దాన్నేం చెయ్యలేదు."

వీర్రాజుకు తన ఎర్తింగ్‌ను మెచ్చుకున్నందుకు ప్రాణం లేచొచ్చినా, గాజు అన్న మాట మింగుడు పడలేదు. క్రేన్లు తిరిగేచోట, ఇనుము ఉడికేచోట గాజు దారమా? ఈ పిల్ల పుస్తకం పట్టుకుని వచ్చిందనుకున్నాడు.

మర్నాడు ఉదయం హైమావతి ఆయన గదికే వచ్చింది. "వీర్రాజు గారూ, కేబుల్ ఎంచుకునే ముందు ఈ స్థలం నాకు తెలియాలి. ఒకసారి నాతో తిరుగుతారా?" అంది.

తిరిగారు. ఎండ నెత్తిన పేలుతుంటే షెడ్డు షెడ్డూ తిరిగారు. ఆమె అడిగిన ప్రశ్నలు అంతవరకూ ఆయన్ని ఎవరూ అడగనివి. వానాకాలంలో నీళ్లెక్కడ నిలుస్తాయి? లారీలు ఏ మూల మలుపు తీసుకుంటాయి? కేబుల్ గుంతల్లో పాములు కనిపిస్తాయా, పందికొక్కులా? పోత పోసేటప్పుడు గోడ ఎంత వేడెక్కుతుంది, చెయ్యి ఆనించగలమా? ఆయన చెబుతుంటే ఆమె నిలబడి మొత్తం విని, ఆ చోటికి వెళ్లి, వంగి చూసేది. ఒకచోట గుంతలోకి దిగి పాత కేబుల్‌ను చేత్తో తడిమింది. దాని మీద పళ్ల గాట్లున్నాయి.

"ఈయన గారెవరో మన రాగిని కూడా రుచి చూశారే," అంది నవ్వుతూ.

వీర్రాజుకూ నవ్వొచ్చింది. ఆ రోజు ఇంటికెళ్లి భార్య వెంకటరమణమ్మతో, "కొత్తమ్మాయి పుస్తకం మనిషి కాదే," అన్నాడు.

వారం తిరక్కుండా నరసరాజు వచ్చాడు. సికింద్రాబాదులో ఫైబర్ సామాను అమ్మే కంపెనీ మనిషి. పెట్టె తెరిచి రకరకాల కేబుల్ ముక్కలు బల్ల మీద పరిచాడు. అన్ని షెడ్లకూ ఒకే రకం కేబుల్, సన్నది, తేలికది, ప్లాస్టిక్ పైపులో దూర్చి స్తంభాల మీదుగా లాగితే నాలుగు రోజుల్లో పని ముగుస్తుందన్నాడు. సూర్యప్రకాశరావుకు నాలుగు రోజులన్న మాట బాగా నచ్చింది.

హైమావతి తొందరపడలేదు. వీర్రాజు కూడా వినాలని ఆయన్ని పక్కనే కూర్చోబెట్టుకుంది.

"ఈ గాజు దారాల్లో రెండు జాతులు ఉన్నాయండీ," అని ఆయనకు చెప్పింది. "ఒకదాంట్లో వెలుగు వెళ్లే దారి కాస్త వెడల్పు. మల్టీమోడ్ అంటారు. వెలుగు గోడలకు తగులుతూ అనేక దారుల్లో పోతుంది. దగ్గర దూరాలకు బాగుంటుంది, చివర్లో పెట్టే పెట్టెలు చవక. రెండోదాంట్లో దారి వెంట్రుకలో వెంట్రుక. సింగిల్‌మోడ్. వెలుగు ఒకే దారిన తిన్నగా పోతుంది. ఎంత దూరమైనా, ఎంత వేగమైనా తట్టుకుంటుంది. పెట్టెలు మాత్రం ఖరీదు."

"మీకు ఇప్పుడు నడిపే వేగానికి మల్టీమోడ్ చాలు మేడమ్," అన్నాడు నరసరాజు.

"ఇప్పటికి చాలు. పెట్టెలు మూడేళ్లకో నాలుగేళ్లకో మారతాయి, బల్ల మీద నుంచి తీసి ఇంకోటి పెడతాం. భూమిలో వేసింది మళ్లీ మళ్లీ తవ్వలేం కదా. షెడ్డు లోపల, ఆఫీసు లోపల మల్టీమోడ్ వేద్దాం. భూమిలోకి దిగేదంతా సింగిల్‌మోడ్ కావాలి. ఇప్పుడు కావలసినదానికంటే ఎక్కువ పోగులు ఉన్నది."

అంతటితో ఊరుకోలేదు. ఆ ముక్కలు తన దగ్గరే వదిలి వెళ్లమంది. ఒక్కో రకం నుంచి మూడేసి ముక్కలు కోయించి, వాటి కొసలు మైనంతో మూయించి, రకానికొకటి చొప్పున కొన్ని కాంటీన్ బియ్యం కొట్టు వెనక పందికొక్కుల బొరియల దగ్గర, కొన్ని చల్లనీళ్ల తొట్టి అడుగున, కొన్ని పోత షెడ్డు రేకుల మీద పెట్టించింది. కాంటీన్ వాళ్లు నవ్వారు. వీర్రాజు నవ్వలేదు. కొత్త మోటారు వచ్చినప్పుడు తానూ దాన్ని ముందు మూల పెట్టి నడిపి చూసేవాడు. ఈ పద్ధతి తనకు తెలిసినదే.

రెండు వారాలు గడిచాక ముక్కల్ని తీశారు. సన్నరకం కేబుల్‌ను పందికొక్కులు లోపలి గాజు దాకా కొరికేశాయి. రేకుల మీద పెట్టినదాని తొడుగు పెళుసెక్కి గోటితో గీకితే రాలింది. నీళ్లలోది కోసి చూస్తే లోపల చెమ్మ. చుట్టూ మడతల ఉక్కు రేకు, లోపల నీరు చొరకుండా జిగురు నింపిన రకం ఒక్కటే మూడు చోట్లా నిలిచింది. దాని నల్లటి పై తొడుగు మీద గాట్లు పడ్డాయి కానీ ఉక్కు దగ్గర పళ్లు ఆగిపోయాయి.

"ఇంత పరీక్ష ఇంతవరకూ మాకెవరూ పెట్టలేదు మేడమ్," అన్నాడు నరసరాజు, ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చూస్తూ. మాటలో నొచ్చుకోలు లేదు.

తేలిపోయిందనుకున్నాడు వీర్రాజు. హైమావతి ముఖం మాత్రం తేలిక పడలేదు.

"ఉక్కు పందికొక్కును ఆపుతుంది. కానీ పిడుగును లోపలికి తీసుకొస్తుంది. రాగి వద్దనుకున్నది దాని కోసమే కదా. ఇనుము లేని రకం వేస్తే ఎలుకల పాలు, ఉన్నది వేస్తే పిడుగు పాలు."

వీర్రాజు కాసేపు ఆలోచించాడు. "ఉక్కును గోడ బయటే ఆపేస్తే?" అన్నాడు. "ప్రతి భవనం బయటా ఎర్త్ గుంత కొడతాను. కేబుల్ అక్కడికి రాగానే ఉక్కు తొడుగు కోసి ఎర్త్‌కి కట్టేద్దాం. అక్కణ్నుంచి లోపలికి ఉత్త గాజే పోతుంది."

హైమావతి కళ్లు మెరిశాయి. "నేనూ అటువైపే ఆలోచిస్తున్నాను, అయితే ఎర్త్ విషయంలో ధైర్యం చాలలేదు. మీరు కొడతానంటే ఇంకేం కావాలి! బయట ఉక్కు రకం. గోడ దగ్గర పెట్టెలో జాయింట్. లోపల ఇనుము లేనిది, నిప్పంటుకున్నా విషప్పొగ కక్కని తొడుగున్నది."

ఆ పూట నుంచి ఆ పని ఇద్దరిదీ అయింది.

ఇక దారి మిగిలింది. గోదాముకు రోడ్డు వెంబడి పోయే దారి ఒకటి. దాని కోసం పంచాయతీ అనుమతి దొరికింది. అది చాలదంది హైమావతి. "ఈ రోడ్డును ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు సార్. రెండో దారి పొలాల వైపు నుంచి వేద్దాం. ఒకటి తెగితే ఇంకో దారిన నడిచేలా పెట్టెలు అమరుస్తాను." సూర్యప్రకాశరావు గొణిగాడు, లెక్కలు వేశాడు, చివరికి పొలం వాళ్లు ఒప్పుకుంటే సరేనన్నాడు.

ఆ పొలం పక్క ఊరు లక్డారంలో ఉండే మొగులమ్మది. తవ్వకం పనులు పట్టే మేస్త్రీ యాదన్నది కూడా లక్డారమే. అతణ్ని వెంటబెట్టుకుని హైమావతీ వీర్రాజూ వెళ్లేసరికి, మొగులమ్మ గట్టు మీద కూర్చుని కందికట్టె మోపులు కడుతోంది.

"నా చేన్ల మల్ల తవ్వుడేంది యాదన్నా?" అంది ఆమె, సంగతి వినగానే. "మొన్న పైపులోల్లు వచ్చి మీది మట్టి కిందికి, కింది మట్టి మీదికి ఏసి పోయిండ్రు. ఆడ ఇప్పటికీ మొలక మొలుస్తలేదు."

"గీ మేడం గట్ల చెయ్యది పెద్దమ్మా. జెర ఇను," అన్నాడు యాదన్న.

హైమావతి గట్టు మీద ఆమె పక్కనే కూర్చుంది. "మీ నాగలి ఎంత లోతు పోతదమ్మా?"

"ట్రాక్టరుదైతే మోచేతి లోతు పోతది."

"అయితే నేను దానికి రెండింతల కిందికి వేస్తా. అదీ చేను నడుమ నుంచి కాదు, గట్టు వెంబడి. మీది మట్టి ఒక దిక్కు, కింది మట్టి ఒక దిక్కు పోయించి, మళ్లీ ఎట్లున్నది అట్లనే కప్పిస్తా. వానలు పడకముందే అయిపోవాలె."

మొగులమ్మ ఆమెను తేరిపార చూసింది. "కరెంటుంటదా అండ్ల? మా ఎడ్లకు గిట్ల కొడితే?"

"కరెంటే ఉండదమ్మా. వెలుగు పోతది లోపల, అంతే."

"భూమిల వెలుగు పెడ్తవా బిడ్డా!" మొగులమ్మ పకపకా నవ్వింది. తర్వాత యాదన్న వైపు తిరిగి వేలు చూపించింది. "నువ్వు నిలవడి చేయించు. మట్టి తేడా వచ్చిందో, ఇగ సూడు నీ సంగతి."

తొలకరికి ముందే పని మొదలైంది. యాదన్న మనుషులు గట్టు వెంబడి తవ్వుతుంటే హైమావతి అక్కడే ఉండేది. కింద మెత్తని ఇసుక పరవాలి, పైన ఇటుకలు పేర్చాలి, మలుపుల దగ్గర కేబుల్‌ను విరిచినట్టు వంచకూడదు, బిందె నడుము చుట్టూ తిప్పినట్టు వంచాలి. గుంత గుంతకీ కొంత కేబుల్ చుట్ట చుట్టి వదలాలి. "గింత తీగె ఉత్తగ ఎందుకు మేడం?" అని యాదన్న అడిగితే, "రేపు ఎవరన్నా తెగ్గొడితే లాగి అతికించుకోవడానికి," అంది.

గాజు పోగులు అతికించే రోజున నగరం నుంచి మనుషులు చిన్న యంత్రం తెచ్చారు. వెంట్రుకంత గాజు పోగులు రెండు ఎదురెదురుగా పెడితే, వాటిని తెర మీద దుంగలంత చేసి చూపించి, చిటుక్కుమని ఒక మెరుపుతో కరిగించి ఒకటి చేసేసింది. అతుకు ఎక్కడుందో వీర్రాజుకు కనిపించలేదు. హైమావతి ఆఫీసులో ఒక కొసన ఎర్రదీపం పెన్ను పెట్టి, గోదాములో ఉన్న వీర్రాజుకు ఫోను చేసింది. "కొసలోకి సూటిగా చూడకండి. అరచెయ్యి అడ్డం పెట్టండి."

ఆయన అరచెయ్యి పెట్టాడు. బొటనవేలి మొదట్లో కుంకుమ చుక్కంత ఎర్రటి వెలుగు పడింది. రోడ్డు దాటి, పొలం గట్టు కింద, అంత మట్టిలో నుంచి ఆ వెలుగు వచ్చింది. ఇన్నేళ్ల నౌకరీలో ఎన్నో లైన్లకు కరెంటు ఎక్కించినవాడు, ఆ చుక్కను చూస్తూ చెయ్యి తియ్యబుద్ధి కాక అలాగే నిలబడిపోయాడు.

"వచ్చిందా వీర్రాజు గారూ?"

"వచ్చిందమ్మా," అన్నాడు.

ఆ పూట ఫర్నేసు వేశారు. పోత షెడ్డులో కంప్యూటర్ కదలకుండా పని చేసింది. సూర్యప్రకాశరావు తానే వెళ్లి తెర ముందు నిలబడి చూశాడు.

అయితే, ఒక నెల పోయాక ఆ షెడ్డు కంప్యూటర్ మళ్లీ తడబడడం మొదలుపెట్టింది. గాజు కూడా రాగి బాటే పట్టిందని కొందరు అన్నారు. హైమావతి కొలిచే మీటరు పట్టుకుని కొస నుంచి కొసకు వెతికింది. కేబుల్ నిక్షేపంగా ఉంది. వెలుగు సన్నగిల్లుతున్నది షెడ్డు లోపల కేబుల్ కొసలు కలిసే పెట్టెలో. తెరిచి చూస్తే కనెక్టర్ల ముఖాల మీద పోత ఇసుక దుమ్ము, పౌడరు అద్దినట్టు.

మరుసటి మీటింగులో ఆమె లేచి నిలబడింది. "కేబుల్ ఎంపిక మీద అంత శ్రద్ధ పెట్టి, కొసలు కలిసే చోటు మీద నేను పెట్టలేదు సార్. దుమ్ము తాకే చోట మామూలు పెట్టె పెట్టించాను. తప్పు నాదే. పెట్టెను కంట్రోల్ గదిలోకి మార్చి, గాలి చొరనిది పెడుతున్నాను. కొసలు తుడిచే పని నెలనెలా నేనే చూస్తాను."

వీర్రాజు ఆ ఉద్యోగంలో ఎన్నో మీటింగులు చూశాడు. తప్పు ఎదుటివాడి మీదికి జారిపోయే తీరు ఆయనకు బాగా తెలుసు. కావాలంటే ఈ పిల్ల దాన్ని నరసరాజు మీదికి నెట్టేయగలిగేదే. షెడ్డు దుమ్ము మీదో, వీర్రాజు మీదో కూడా నెట్టేయవచ్చు. ఎర్రటి చుక్కను చూసిన రోజు కంటే ఈ రోజే ఆమె మీద ఆయనకు గౌరవం పెరిగింది. ఆ సాయంత్రమే ఎవరూ చెప్పకుండా కంట్రోల్ గదిలో పెట్టె అమర్చడానికి చోటు చేశాడు.

మరుసటేడు వానలు వెనకబట్టాక యాదన్న పరుగెత్తుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. "సారూ! రోడ్డు కాడ పైపులోల్లు మన నల్ల తీగెను తెగ్గొట్టిండ్రు! రెండు తునకలైంది! జల్దీ రాండ్రి!"

వీర్రాజు ముందు గోదాముకు పరుగెత్తాడు. అక్కడ గుమాస్తా పంపులు లారీకి ఎక్కిస్తూ, ఒక్కోదాని నంబరు కంప్యూటర్లో కొడుతున్నాడు. "ఏమైనా ఆగిందా?" అంటే, "ఏం ఆగలేదే, ఎందుకు సార్?" అన్నాడు. పొలం గట్టు దారిన అంతా నడిచిపోతోంది. వీర్రాజు గోడకానుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆయన తిరిగి వచ్చేసరికి హైమావతి తన తెర మీద ఆ దారి తెగినట్టు చూసి, కొలిచే యంత్రం పట్టుకుని బయల్దేరుతోంది. కొస దగ్గర వెలుగు పంపితే, అది తెగినచోట తగిలి వెనక్కి వచ్చి ఎంత దూరమో చెప్పింది. యంత్రం ఎక్కడ చెప్పిందో అక్కడే ఉంది కోత. గుంతలో చుట్ట చుట్టి వదిలిన కేబుల్‌ను యాదన్న మనుషులు లాగారు. పొద్దు వాలకముందే అతుకు పడింది. యాదన్న ఆ మెరుపును దగ్గరగా చూసి, "మేడం, గాజును గాజుతోని కుట్టినట్టుంది," అన్నాడు. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరంది హైమావతి.

ఇంకో ఏడాదికి ఆమె పెద్ద ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయింది.

ఏళ్లు గడిచి, వీర్రాజు రిటైరు కావడానికి కొద్ది నెలల ముందు, పద్మావతి అనే కొత్త ఇంజనీరు వచ్చింది. గోదాములో కెమెరాలు, పంపుల డ్రాయింగులు తెర మీదే చూసుకునే ఏర్పాటు, ఫోన్లు కూడా అదే కేబుల్ మీద నడవాలన్నారు. మొదట వేసినదానికి ఎన్నో రెట్ల బరువు. పాత కేబుల్ ఇంత మొయ్యదు, కొత్తది తవ్వి వేయాలనుకుంటూ వచ్చింది. తవ్వే ముందు ఒకసారి కొలవమన్నాడు వీర్రాజు. కొలిచింది. వాడకుండా వదిలిన పోగులతో సహా ప్రతిదీ వేసిన రోజున ఉన్నట్టే ఉంది. రెండు చివర్లా పెట్టెలు మార్చితే సరిపోయింది. పార అందుకోవలసిన పని పడలేదు.

"ఆ రోజుల్లో ఇంత ముందుచూపుతో ఎవరు ఎంచారండీ దీన్ని?" అంది పద్మావతి.

వీర్రాజు పేరు చెప్పాడు. పేరుతో ఆగలేదు. పందికొక్కుల దగ్గర నుంచి మొదలుపెట్టి, ఆ అమ్మాయి టీ చల్లారిపోయేదాకా చెప్పాడు. తర్వాత బెంగళూరుకు ఫోను చేశాడు.

హైమావతి అంతా విని, "కొలతలు ఎంతొచ్చాయి, చదవండి," అంది. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పోగు కొలతా చదివాడు. చివరిది వినేసరికి అవతల నుంచి నవ్వు వినిపించింది.

"ఇంకొన్నాళ్లు దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వకండి వీర్రాజు గారూ."

"నేను వెళ్లిపోయాక కూడా ఎవరూ ముట్టుకోరమ్మా. ఈ కొత్తమ్మాయికి చెప్పాను," అన్నాడాయన.